తీగ లేని ఇంట్లో తప్పుల చిట్టా

చెన్నేకొత్తపల్లిలో బస్సు దిగేసరికి ఉదయం పది. మార్చి ఎండ అప్పుడే మాడు పగలగొడుతోంది. నన్ను స్కూటరు మీద తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దాయన మొదటి మాటే, "ఫోన్లో చార్జింగ్ ఎంతుందప్పా?" అన్నాడు. నలభై శాతం అన్నాను. "సాయంత్రం నాలుగు లోపల పెట్టేసుకో. ఆ తర్వాత మా టీచరమ్మ ఒప్పుకోదు."

ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆమె హైస్కూల్లో లెక్కలు చెప్పింది. గుట్ట వార ఎర్రనేల మూడెకరాలు కొనుక్కుని, కరెంటు తీగ గానీ, బోరు గానీ, కుళాయి గానీ లేకుండా ఇల్లు కట్టుకున్నారు. ఆశయం కోసమా అని అడిగితే పెద్దాయన నవ్వాడు. "ఆఖరి స్తంభం కిలోమీటరు అవతల ఉండె. అక్కడి నుంచి లైను లాగడానికయ్యే ఖర్చు మమ్మల్నే పెట్టుకోమన్నారు. ఆ డబ్బుకు సోలారే వస్తుంది గదా అనుకుంటిమి. బోరు సంగతంటావా, పక్క చేనాయన మూడు వేసినాడు. మూడింట్లోనూ దుమ్మే లేచింది."

ధైర్యం చెప్పిన ఉదాహరణ ఒకటి దగ్గర్లోనే ఉంది. 1990లో ఈ ప్రాంతంలోనే 32 ఎకరాల బీడు భూమితో టింబక్టు కలెక్టివ్ మొదలైంది. మేత నుంచి, నిప్పు నుంచి కాపాడితే బోడిగుట్టల మీదకూ చెట్లు తిరిగొస్తాయని అక్కడ చూసి వచ్చాకే ఈ దంపతులు అడ్వాన్సు ఇచ్చారట.

ఇల్లు చల్లగా ఉంది. రాతి పునాది, కాస్త సిమెంటు కలిపి అచ్చు పోసిన మట్టి ఇటుకల గోడలు, పైన పెంకు. చూరు మూడడుగులు బయటికి వచ్చి, కళ్ళ మీదికి తలపాగా దించుకున్న రైతులా ఉంది. ఇంత చూరు ఎందుకని అడిగాను. టీచరమ్మ గూట్లోంచి ఒక పొడుగాటి రిజిస్టరు తీసి నా ముందు పెట్టింది. అట్ట మీద ఎర్ర సిరాతో 'తప్పుల చిట్టా' అని రాసి ఉంది.

అయిదు గడులు: తేదీ, ఏం జరిగింది, ఎందుకు, ఎంతయింది, ఇకమీదట. డిపోలో బస్సు ఆగిపోయిన ప్రతిసారీ బ్రేక్‌డౌన్ రిజిస్టరు రాసిన అలవాటు ఆయనది, గడులు గీసిన చెయ్యి ఆమెది. నియమాలు రెండు. ఆఖరి గడి తప్పు చేసినవాళ్ళే నింపాలి. అందులో 'జాగ్రత్తగా ఉండాలి' అని మాత్రం రాయకూడదు.

"అదేం మేడం?" అన్నాను.

"ముప్పై ఏళ్ళు పిల్లల పేపర్లలో 'జాగ్రత్తగా చెయ్యి' అని రాసినాను. ఒక్కడు మారలేదు," అంది.

మొదటి పేజీలోనే పెద్ద దెబ్బ. 2021 నవంబరు 18, 19 తేదీల్లో రాయలసీమను ముంచెత్తిన వానలు గుర్తుండే ఉంటాయి. కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది అప్పుడే. ఇక్కడ గోడలు నిలువెత్తు లేచి, కప్పు ఇంకా పడలేదు. పడమటి గోడ రెండు రాత్రులు నాని, మూడో పొద్దున కూలింది. 'ఎందుకు' గడిలో 'వాన' అని రాసి కొట్టేసి, 'కప్పు లేకుండా మట్టిగోడ లేపడం' అని దిద్దారు. వాన వస్తుంది, అది దాని పని. 'ఇకమీదట' గడిలో: ముందు రాతి స్తంభాలు, వాటి మీద కప్పు, ఆ నీడలో గోడ. చూరు మూడడుగులు.

తర్వాత నీళ్ళు. ఈ ప్రాంతంలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు కురిస్తే లీటరు నీళ్ళు. వీళ్ళ కప్పు 80 చదరపు మీటర్లు. లెక్క టీచరమ్మే చెప్పింది: 44 వేల లీటర్లు పడితే, చింది, ఆవిరై, మొదటి వాన కడుగునీళ్ళుగా వదిలేశాక 35 వేలు మిగులుతాయి. ఇద్దరికి తాగడానికీ వంటకూ రోజుకు 20 లీటర్ల చొప్పున ఏడాదికి 7,300 చాలు. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ బాధ ఉన్న జిల్లాలో ఇది చిన్న భాగ్యం కాదు. మిగతా వాడకానికి తవ్విన కుంట మాత్రం మొదటి ఏడాది మోసం చేసింది. మొరం నేల, నెలకే ఇంకిపోయింది. చెరువు ఒండ్రు తోలించి, అడుగున మెత్తి, గొర్రెల మందను నాలుగు రోజులు దాంట్లో తొక్కించాక నిలిచింది.

చిట్టాలో ఎక్కువ పేజీలు బ్యాటరీలవే. నాలుగు ట్యూబులర్ బ్యాటరీలు, ఒక్కోటి 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. కాగితం మీద అన్నీ కలిపి 7.2 యూనిట్లు. సగం కంటే కిందికి దించితే వాటి ఆయుష్షు తరుగుతుంది కనుక నిజంగా చేతికొచ్చేది 3.6. కిలోవాటు పలకలు మంచి ఎండలో రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. లెక్క సరిపోయినట్టే ఉంది. కానీ కూతురి కాన్పుకని నెలన్నర ఊరెళ్ళారు. ఫ్రిజ్ ఆన్‌లోనే ఉంది. బ్యాటరీల్లో నీళ్ళు తగ్గి లోపలి ప్లేట్లు బయటపడ్డాయి. నాలుగూ పోయాయి. 'ఎంతయింది' గడిలో అరవై వేల పైచిలుకు.

"డిపోలో నేను ఎన్ని బస్సులకు బ్యాటరీ నీళ్ళు పోసింటానో! నా ఇంట్లో మరిస్తి," అన్నాడు పెద్దాయన, ఎవరి గురించో చెప్పినట్టు. ఆ ఆఖరి గడి ఆయన చేతి రాతే: చార్జి తగ్గగానే తనంతట తాను ఆపే కటాఫ్. ప్రతి పౌర్ణమికీ డిస్టిల్డ్ వాటర్. తాళం చెవి ఒకటి పక్క చేనాయన దగ్గర. 75 వాట్ల ఫ్యాన్లు తీసేసి 30 వాట్లవి. రుబ్బే పనులన్నీ మిట్టమధ్యాహ్నం.

నిజంగానే పన్నెండు కొట్టగానే మిక్సీ మోగింది. మధ్యాహ్నం రాగి సంకటి, చెనక్కాయల ఊరుబిండి. సంకటి గోబర్ గ్యాస్ మీద కెలికారు. అదీ ఒక అధ్యాయమే. రెండు ఘనమీటర్ల ప్లాంటు కడుపు నిండాలంటే రోజుకు 50 కిలోల పేడ కావాలి. ఉన్నవి రెండావులు. ఇరవై కిలోలొస్తే ఇద్దరి వంటకు చాలు. కానీ ఆవులు పగలంతా గుట్ట మీద మేసేవి, సగం పేడ గుట్టకే పోయేది. మంట టీ వరకు వెలిగి, అన్నం సగం ఉడికేసరికి ఆరిపోయేది. ఇప్పుడు కొట్టంలో బండలు పరిచి, పొద్దు బాగా ఎక్కేదాకా అక్కడే కట్టేసి మేత వేస్తున్నారు. మూలన గ్యాస్ సిలిండరు కూడా ఉంది. దాచిపెట్టలేదు. "చలికాలంలో పేడ సరిగా పులవదు. పంతానికి పస్తుంటామా?" అంది టీచరమ్మ.

దర్వాజాల్ని తిన్న చెదలు, చెనక్కాయ చేలో పడ్డ అడవిపందులు, సోలార్ పలకల మీద జారుడుబండ ఆడిన కోతులు అన్నీ చిట్టాలో తలా ఒక పేజీ ఎక్కాయి.

రాత్రి వరండాలో నులకమంచం మీద పడుకున్నాను. గుట్ట మీద చుక్కలు, దూరంగా జాతీయ రహదారి మీద లారీల హోరు. తీగ తెగిపోతే పట్నంలో మనం ఎవరినో తిడతాం. ఇక్కడ తిట్టడానికి ఎవరూ లేరు. లైన్‌మన్, నీళ్ళ ట్యాంకు మనిషి, గ్యాస్ బండి కుర్రాడు అన్నీ వీళ్ళిద్దరే. ఒకరినొకరు తిట్టుకోకుండా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది ఆ చిట్టా వల్లేనేమో అనుకుంటూ నిద్రపోయాను.

పొద్దున లేచేసరికి రిజిస్టరు మంచం పక్కన స్టూలు మీద ఉంది. తాజా సిరా. 'ఏం జరిగింది: వరండా లైటు రాత్రంతా. 9 వాట్లు, 8 గంటలు, 72 వాట్ అవర్లు. ఎందుకు: అతిథి.' ఆఖరి గడి ఖాళీ. పక్కన పెన్ను.

సిగ్గుపడి, 'మరిచిపోకూడదు' అని రాయబోయి ఆగాను. చుట్టూ చూశాను. స్విచ్చు ఇంటిలోపల, తలుపు వెనకాల ఉంది. 'వరండా స్విచ్చు మంచం పక్కన ఉండాలి' అని రాశాను.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. ఏమీ అనలేదు. స్క్రూడ్రైవరు కోసం లోపలికి వెళ్ళాడు.