సైకాలజీ చదివి ఏం చేస్తావు?

బి.ఎస్సీ.లో నేను సైకాలజీ ఒక సబ్జెక్టుగా తీసుకున్నానని తెలిసిన దగ్గర్నుంచీ మా ఊళ్ళో నా పరువు కాస్త తగ్గింది. "పిచ్చాసుపత్రిలో ఉద్యోగమా అమ్మాయ్?" అని మా పెదనాన్న జాలిపడ్డాడు. హాస్టల్లో గోల ఇంకో రకం. "నా మొహం చూసి మనసులో ఏముందో చెప్పవే" అని వెంటపడతారు. చదువుకున్నవాళ్ళు కూడా మహా అయితే "ఓహో, కౌన్సెలింగా?" అని ఊరుకుంటారు. ఎదుటివాళ్ళ కష్టం గంటలకొద్దీ వినడం చిన్న పనేమీ కాదు. కాని నాకంత ఓర్పు లేదు. మా అమ్మనడిగినా చెబుతుంది. మరి నాలాంటివాళ్ళకి ఈ శాస్త్రంలో చోటే లేదా అని మొదటి సంవత్సరమంతా బెంగపడ్డాను.

ఆ బెంగ తీర్చింది ఒక విమానం కథ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వారి బి-17 బాంబర్లు కొన్ని క్షేమంగా దిగాక కూడా రన్‌వే మీదే పొట్టమీద కూలబడేవి. పైలట్లు రెక్కల ఫ్లాపులు ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు వెళ్ళి చూస్తే ఆ రెండు మీటలూ పక్కపక్కనే, ఒకే రూపంలో ఉన్నాయి. ఆయన పైలట్లకి హితబోధ చెయ్యలేదు. చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకి ఏటవాలు ముక్క తగిలించాడు. చీకట్లో తడిమినా తేడా తెలిసిపోతుంది!

జూనియర్ల కోసం మరికొన్ని చెబుతాను. ఎస్.ఎస్.బి.లో బొమ్మ చూపించి కథ రాయమంటారే, ఆ కథలు చదివేది సైకాలజిస్టు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్లకి ఆప్టిట్యూడ్ పరీక్ష పెడతారు. ఇలాంటి పరీక్షల కోసం లక్నో ఆర్.డి.ఎస్.ఓ.లో సైకో-టెక్నికల్ విభాగమే ఉంది. సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో వెలసిన జాతీయ సంస్థ మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం పనిచేస్తోంది. డేనియల్ కానెమన్ అనే సైకాలజిస్టుకి 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చిందని ఎకనామిక్స్ మిత్రులకి గుర్తుచెయ్యడం నాకు భలే సరదా.

కాని నన్ను నిద్రపోనివ్వనిది వీటిలో ఏదీ కాదు. నిరుడు మిరప కాపుకి రాకముందే నాన్న పురుగుమందులు అరువు తెచ్చి, పంట ఆ వ్యాపారికే, అతను చెప్పిన ధరకే ఇస్తానని ఒప్పుకొచ్చాడు. "నాలుగు కొట్లు తిరిగి అడిగే తెలివి లేదా నాన్నా?" అన్నాను. నాన్న మారుమాటాడలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని చేనికి వెళ్ళిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళకి, 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చదివాను. ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు, ఇద్దరు సైకాలజిస్టులు కలిసి తమిళనాడులో 464 మంది చెరకు రైతులకి బుద్ధి పరీక్షలు పెట్టారు. కోతకి ముందు ఒకసారి, కోతయ్యాక ఒకసారి. అదే మనిషి, తాకట్లతో నెట్టుకొచ్చే రోజుల్లో తడబడ్డాడు. డబ్బు చేతికందాక బాగా చేశాడు. కోతలు అందరికీ ఒకే నెలలో రావు కనక, కాలం తేడా అనడానికీ లేదు. డబ్బు చాలదన్న దిగులే బుర్రలో చోటంతా తినేస్తుందని వాళ్ళ వాదన. ఒప్పుకోనివారూ ఉన్నారు. నాకు మాత్రం ఆ కాగితాల్లో మా నాన్నే కనిపించాడు. నేనన్న మాట గొంతుకడ్డం పడింది.

అప్పు కాగితం రైతు ముందు ఏ నెలలో పెట్టాలి, అందులో ఎన్ని మాటలుండాలి, మందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు ఎంతమందికి తెలుస్తున్నాయి - ఇవి తేల్చే పని చెయ్యాలని ఉంది నాకు.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్నకి ఆ చెరకు రైతుల సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అయితే మరి, కోతలయినాక ఆళ్ళ బాకీ మొత్తం తీరిపోయిందా ఏంది?" అన్నాడు.

నేను నీళ్ళు నమిలాను.

కాసేపాగి, "ఎమ్మెస్సీ అప్లికేషన్‌కి ఎంత కట్టాలమ్మా?" అని అడిగాడు.