పట్టేసిన మెడ

'మెడ పట్టేసింది' అంటాం కానీ ఎవరు పట్టారో చెప్పం. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఈ డౌట్ పోయిన సంక్రాంతి సెలవుల్లో వచ్చింది. అది కూడా, నిజంగానే ఎవరో వెనక నుంచి పట్టుకుని వదలనట్టు అయ్యాక.

రెండు రోజులు హాస్టల్ మంచం మీద బోర్లా పడుకుని డేటా స్ట్రక్చర్స్ రికార్డు పూర్తి చేశాను. ఆ రాత్రే హైదరాబాద్ నుంచి భద్రాచలం బస్సు. కిటికీకి తల ఆనించి నిద్రపోయా. తెల్లారి దిగేసరికి మెడ ఎడమ పక్కకి తిరగట్లేదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. అమ్మమ్మ వాళ్ళ ఊరు పర్ణశాల దారిలో, అడవి మొదలయ్యే చోట. ఆ దారిలో గోదావరి ఎడమ వైపే. ఈసారి చూడలేదు.

అమ్మమ్మ గుమ్మంలోనే కనిపెట్టేసింది. "ఏందే, కాడి కింద పెట్టిన కోడె లాగా మెడ బిగబట్టావు?"

మొదటి వైద్యం దిండుకి. మెడ పడితే దిండు ఎండలో వెయ్యాలట. "నేను పడుకుంది బస్సులో అమ్మమ్మా" అన్నా వినలేదు. ఇంట్లో దిండ్లన్నీ దండెం ఎక్కాయి. మామయ్య వచ్చి తల పట్టుకుని ఒక్కసారి 'టక్' మనిపిస్తే సరిపోద్దన్నాడు. "చెయ్యి వేశావో ఊరుకోను" అంది అమ్మమ్మ. పక్క వీధిలో ఎదురుకాళ్ళతో పుట్టినావిడ ఉంది, ఆమెతో తొక్కిద్దామా అన్నాడు. అది నడుం పట్టుకి, మెడకి కాదని అదీ కొట్టేసింది. ఆమె దగ్గర దేనికి ఏది అనే లెక్క చాలా గట్టిగా ఉంటది.

తర్వాత ఇప్పనూనె. కోయగూడెంలో తెలిసినావిడ ఇచ్చిన సీసా. ఇప్పపువ్వు ఎండాకాలం మొదట్లో రాలుతుంది, ఆ తర్వాత కాయలొస్తాయి. ఆ కాయల్లోని గింజల నుంచి తీసే నూనె ఇది. చలికి నెయ్యి లాగా గడ్డకట్టింది. వేడినీళ్ళ గిన్నెలో సీసా నిలబెట్టి కరిగించి, చెవి కింద నుంచి భుజం దాకా పైనుంచి కిందకే రాసింది. గట్టిగా నొక్కలేదు. ఆ పైన వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం. మా ఊళ్ళో బాలింతలకి పోసే నీళ్ళే అవి. హాస్టల్‌కి ఆ వాసన వేసుకుని ఎలా వెళ్ళాలా అని నా బాధ.

రాత్రికి ఉప్పు కాపడం. కల్లుప్పు మూకుడులో వేయించి పాత నూలు చీర ముక్కలో మూట కట్టి అద్దడం. ఫోన్‌లో చదివాను, ఇందులో ఉప్పు గొప్పేం లేదు, వేడికే కండరం వదులవుతుంది. ఉప్పు ఆ వేడిని కాసేపు పట్టి ఉంచుతుందంతే. ఇసక మూటైనా పనిచేస్తుంది.

అప్పుడే నా తెలివి కూడా కొంచెం చూపించాను. 2014లో కెన్నెత్ హన్స్‌రాజ్ అనే న్యూయార్క్ సర్జన్ కంప్యూటర్ మోడల్‌తో వేసిన లెక్క ఉంది. తల నిటారుగా ఉంటే మెడ మీద పడే బరువు 5 కిలోల దాకా. ఫోన్ చూస్తూ 60 డిగ్రీలు వంచితే 27 కిలోలు. బియ్యం బస్తా కంటే ఎక్కువ అని చెప్పా.

అమ్మమ్మ నవ్వింది. "నా కట్టెల మోపు అంతే ఉండేదిలే. రోజూ."

అంటూనే పొయ్యి మీద మూకుడు దించింది. గుడ్డ లేకుండా, ఉత్త చేత్తో, అంచు పట్టుకుని. నేను అరిచాక కానీ వదల్లేదు. వేళ్ళ మీద అప్పటికే బొబ్బలు తేలుతున్నాయి. "కాలిందా?" అని నన్నే అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం నుంచి మూట వేడి చూడాలంటే చేత్తో కాదు, చెంపకి ఆనించి చూస్తోంది. ముద్దు చేస్తోంది అనుకున్నా.

పోయిన ఎండాకాలం తునికాకు కోసేటప్పుడు వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైందట. 50 ఆకులకి ఒక కట్ట. కట్టలు చేతిలోంచి జారిపోయేవట. "తిమ్మిరేగా, నూనె రాస్తున్నా" అంది. చేతికి రాస్తోంది. అమ్మకి చెప్పలేదు. నేను ప్రతి ఆదివారం ఫోన్ చేసి "బాగున్నావా" అంటే, "బాగున్నా" అని చెప్పి పెట్టేసేది.

పండగ అయ్యాక ఖమ్మం తీసుకెళ్ళాం. ఎమ్మారై తీశారు. తేడా చేతిలో కాదు, మెడలో. ఎముకల మధ్య అరుగుదల వల్ల నరం నొక్కుకుంటోంది. డాక్టర్ మొదట అడిగింది, ఏం మోసేవారమ్మా అని. నేను ఉప్పు కాపడం సంగతి భయపడుతూనే చెప్పా, తిడతారని. తిట్టలేదు. మామూలుగా పట్టేసిన మెడకి వేడి మంచిదే, చాలావరకు వారంలో అదే తగ్గుతుంది, మెడ విరిపించుకోకపోవడం ఇంకా మంచిది అన్నారు. కానీ చేతులు తిమ్మిరెక్కినా, వస్తువులు జారిపోతున్నా, దెబ్బ తగిలాక నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా ఇంట్లో ఒక్క రోజు కూడా ఆగొద్దన్నారు. అమ్మమ్మ వైపు చూసి కాదు, అమ్మ వైపు, నా వైపు చూసి చెప్పారు.

నా మెడ నాలుగో రోజుకే తిరిగింది. తనకి మందులు, వ్యాయామాలు, కొన్నాళ్ళు కాలర్. తల మీద బరువు పెట్టొద్దన్నారు. ఆ ఒక్క మాటకే ఆమె మొహం చిన్నబోయింది. నీళ్ళ బిందె కూడానా అని రెండుసార్లు అడిగింది.

ఇప్పుడు వీడియో కాలే చేస్తున్నా, ఉత్త ఫోన్ కాదు. గ్లాసు పట్టుకుని చూపించమంటా. మొన్న చూస్తే మెడకి కాలర్ లేదు. ఏదీ అంటే ఫోన్ దండెం వైపు తిప్పింది. ఎండలో వేలాడుతోంది, దిండు పక్కన.