కారులో పడక

కారు వెనుక సీట్లు మడిచి, దానిని పడకగా మార్చుకొని, కొండల మీదా అడవుల్లోనూ రాత్రులు గడపడం ఎలాగో వ్రాయమని ఒకరిద్దరు మిత్రులు చాలాకాలంగా అడుగుతున్నారు. నాలుగు కొలతలు చెప్పి ఊరుకుందామనుకున్నాను. తీరా వ్రాయడానికి కూర్చుంటే ఆ కొలతల వెనుక మా నాన్న వచ్చి నిలబడ్డాడు. ఆయనను పక్కకు తప్పించి ఈ సంగతి చెప్పడం నాకు చేతకాలేదు. కనుక రెండూ కలిపే చెబుతున్నాను. కొలతలు మాత్రమే కావలసినవారు తక్కినది దాటవేసినా నేనేమీ అనుకోను.

మా నాన్న తాపీమేస్త్రి. నరసరావుపేటలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ నలభై యేళ్ళకు పైగా గోడలు కట్టాడు. తాపీ, రసమట్టం, మూలమట్టం, తూకం గుండు, ఒక దారపుండ ఆయన ఆస్తి. వాటిని గోనెసంచిలో చుట్టి సైకిలు వెనుక కట్టుకొని తెల్లవారకముందే వెళ్ళేవాడు. పదవ తరగతి పరీక్షలయ్యాక ఒకరోజు నేనూ పని దగ్గరికి వెళ్ళి, సరదాకి తాపీ చేతిలోకి తీసుకున్నాను. నాన్న ఏమీ అనకుండా వచ్చి, దానిని నా చేతిలోంచి తీసుకొని, "నీ పని ఇది కాదు, ఇంటికి పో" అన్నాడు. ఆ తరువాత నేనెప్పుడూ ఆ సంచి ముట్టుకోలేదు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. ఇంజనీరింగు కాలేజీలో చేరేటప్పుడు దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట 'బిల్డింగ్ కాంట్రాక్టర్' అని వ్రాశాను. సంతకం పెట్టబోతూ నాన్న, "ఇక్కడేం రాశావురా?" అని అడిగాడు. చదివి వినిపించాను. ఆయన ఒక్క క్షణం ఆగి సంతకం పెట్టాడు. ఆ సంగతి మళ్ళీ మా మధ్య రాలేదు.

అమ్మ పోయిన మరుసటి యేడు, 2019లో, నాన్నను మా ఇంటికి, ఫీనిక్సుకు, తీసుకొని వచ్చాను. అప్పటికి ఆయనకు 71 యేళ్ళు. ఇటుకలు మోసి, వంగి వంగి పనిచేసి నడుము పూర్తిగా అరిగిపోయింది. నేలమీద కూర్చుంటే లేవలేడు. మెత్తని పరుపు మీద పడుకుంటే తెల్లవారి కదలలేడు. ఊళ్ళో ఆయనకొక చెక్క మంచం ఉంది, దానిమీద పలుచని బొంత. అంతకుమించి ఆయన నడుము దేనినీ ఒప్పుకోదు.

వచ్చిన రెండు నెలలకు, "ఎక్కడికైనా వెళదామా నాన్నా?" అని అడిగాను. "ఎక్కడికైనా సరే గానీ, ఒక్క రాత్రి ఆరుబయట పడుకుందాంరా" అన్నాడు. పూర్వం కట్టుబడి దగ్గర సిమెంటు బస్తాలకు కాపలాగా పడుకునేవాడు. చుక్కల కింద పడుకొని ఎన్నేళ్ళయిందో అన్నాడు. పాపకు బడి ఉంది కనుక తానూ పాపా ఇంట్లోనే ఉంటామని మా ఆవిడ అంది. అక్టోబరు నెల. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున ఉన్న మేథర్ క్యాంప్‌గ్రౌండులో ఒక రాత్రికి చోటు తీసుకున్నాను. అది సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉన్న చోటు. ఫీనిక్సులో ఇంకా ఎండలు కాస్తుండగానే అక్కడ రాత్రిళ్ళు నీళ్ళు గడ్డకట్టేటంత చలి. అంత చలిలో ఆ నడుముతో గుడారంలో నేలమీద పడుకోవడం కుదరని పని. అందుకని కారులోనే పడక కడదామనుకున్నాను.

మాది పాత స్టేషన్ వ్యాగన్. వెనుక సీట్లు మడిస్తే చూపుకు అంతా చదునుగానే కనిపిస్తుంది. పడుకుంటే గాని అసలు సంగతి తెలియదు. మడిచిన సీటు వీపు డిక్కీ నేలకంటే ఎత్తుగా ఉండి, ముందుకు పోనుపోను పైకి లేస్తుంది. కొలిస్తే ఐదడుగుల పొడవులో రెండున్నర అంగుళాల తేడా వచ్చింది. రెండూ కలిసేచోట ఒక గాడి ఉంది, అదీ సరిగ్గా నడుము కిందికి వస్తుంది. ముందు సీట్ల వెనుక, కాళ్ళు పెట్టుకునే చోట, ఒక గొయ్యి. మందపాటి పరుపు వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. పరుపు గతుకులను కప్పగలదు గాని వాలును తీసివేయలేదు.

ముందు సీట్లను పూర్తిగా ముందుకు జరిపి నిటారుగా నిలబెడితే 6 అడుగుల 2 అంగుళాల పొడవు దొరికింది. చక్రాల గూళ్ళ మధ్య వెడల్పు మూడున్నర అడుగులు. అర అంగుళం మందం ఉన్న ప్లైవుడ్ షీటు ఒకటి తెచ్చి, ఆ కొలతకు రెండు ముక్కలుగా కోసి, మడతబందులతో కలిపాను. కారు నడిపేటప్పుడు ముందు ముక్క వెనక్కి మడిచి, ముందు సీట్లను మళ్ళీ మామూలుగా జరుపుకోవచ్చు. కింద మూడు వరుసల కాళ్ళు బిగించాను: డిక్కీ వైపువి కొంచెం ఎత్తు, సీటు వీపు మీద ఆనేవి పొట్టి, గోతిలోకి దిగేవి పొడుగు. కాళ్ళ అడుగున పాత తివాచీ ముక్కలు అంటించాను. పడకను అవసరానికి మించి ఒక్క అంగుళం కూడా పైకి లేపకూడదు. లేపితే లేచి కూర్చున్నప్పుడు తల పైకప్పుకు తగులుతుంది. ప్రయాణంలో చెక్క కదలకుండా డిక్కీలోని కొక్కేలకు పట్టీలతో బిగించాలి. హఠాత్తుగా బ్రేకు వేస్తే అంత బరువైన చెక్క ముందుకు దూసుకొని వస్తుంది. పైన మూడంగుళాల గట్టి నురుగు పరుపు పరిచాను. శరీరపు ఆకారానికి అణిగే రకం నురుగు చలిలో బిగుసుకుపోతుంది కనుక అది వద్దనుకున్నాను.

ఇదంతా మా గ్యారేజీలో రెండు శనివారాల పని. రంపం చప్పుడు విని నాన్న తలుపు దగ్గరికి వచ్చి, "నేనొక చెయ్యి వెయ్యనా?" అన్నాడు. "వద్దు నాన్నా, నువ్వు కూర్చో" అన్నాను. ఆయన నడుము మీది ప్రేమతోనే అన్నాను. నాలుగడుగులు వెనక్కి వేసి, లోపలికి వెళ్ళి టీవీ ముందు కూర్చున్నాడు. చెక్క బిగించాక నా ఫోనును దానిమీద పెట్టి చూశాను. నిలువునా సున్న, అడ్డంగా సున్న. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

క్యాంప్‌గ్రౌండు చేరేసరికి చీకటి పడింది. మాకు ఇచ్చిన చోట కారు నిలిపి, చలిమంట వేసుకొని, ఇంటినుంచి తెచ్చిన పులిహోర తిన్నాము. నాన్న చాలాసేపు మెడ వెనక్కి వాల్చి చుక్కలను చూశాడు. దూరంగా ఎల్క్ జింక ఒకటి ఈల వేసినట్టు కూస్తే, అదేమిటని అడిగాడు. తరువాత ఇద్దరమూ కారులో పడుకున్నాము. ఇద్దరి ఊపిరికి అద్దాలమీద చెమ్మ పట్టి, తెల్లవారేసరికి దుప్పట్లు తడుస్తాయి. అందుకని ఎదురెదురు కిటికీలు రెండూ అంగుళం మేర దించి, దోమతెర గుడ్డ అడ్డం కట్టాను. వెచ్చదనం కోసం ఇంజను నడుపుతూ నిద్రపోవడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. దాని పొగలో ఉండే విషవాయువుకు వాసన కూడా ఉండదు.

అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది. పక్కన నాన్న లేడు. ఉలిక్కిపడి లేచి చూస్తే, ముందు సీటులో శాలువా కప్పుకొని, మోకాళ్ళు డాష్‌బోర్డుకు ఆనించుకొని, ఇరుకుగా కూర్చొని ఉన్నాడు.

"ఏంటి నాన్నా, నడుము నొప్పా?"

"ఏం లేదు, పడుకో."

"నన్ను లేపొచ్చు కదా."

"పగలంతా బండి తోలావు, పడుకున్నావు. ఎందుకు లేపడం?"

గుచ్చిగుచ్చి అడిగితే చెప్పాడు. పడక కుడివైపుకు వాలుగా ఉందట. నేను నిద్రలో అటు జారిజారి ఆయనను చక్రం గూటికి అదిమేశానట. నాకు నమ్మబుద్ధి కాలేదు. "ఇంట్లో చూశాను నాన్నా, సున్న ఉంది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నా తప్పు నాకు అర్థమయింది. నేను చూసింది మా గ్యారేజీ నేలమీద. చెక్క కారుకు మట్టంగా ఉంది. కారు ఇక్కడి నేలకు మట్టంగా ఉంది. ఈ నేల వాలుగా ఉంది.

"నీ చెక్కపని బాగానే ఉందిరా. నేల చూసుకోలా, అంతే" అన్నాడు నాన్న. రెండు గంటలు ఆ సీటులో ముడుచుకొని కూర్చున్న మనిషి అన్న మాట అది.

కారును ముందుకో వెనక్కో జరుపుదామంటే, అక్కడ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయకూడదు. చుట్టూ గుడారాలలో జనం నిద్రపోతున్నారు. నాన్న మెల్లగా దిగాడు. "సగం నీళ్ళున్న సీసా ఇటియ్యి" అన్నాడు. ఇచ్చాను. మూత బిగించి, పరుపు ఎత్తి, దానిని చెక్కమీద అడ్డంగా పడుకోబెట్టాడు. నేను ఫోను వెలుగు చూపించాను. నీటి గీత సీసా అంచుకు సమంగా ఉంటే మట్టం, లేకపోతే నీళ్ళు ఎటు నిండితే అటు పల్లం. నీళ్ళు కుడివైపు నిండి ఉన్నాయి. మూడున్నర అడుగుల వెడల్పుకు ఒకటిన్నర అంగుళం తేడా అని ఆయన చేతివేళ్ళతోనే తేల్చాడు. పొడవు వైపున వాలుంటే తల ఎత్తువైపు పెట్టుకొని సర్దుకోవచ్చు గాని, అడ్డవాలు మనిషిని రాత్రంతా దొర్లిస్తూనే ఉంటుందని అప్పుడే చెప్పాడు.

చలిమంటకు కొన్న కట్టెల్లోంచి పలుచని పేళ్ళు ఏరాడు. "ఎత్తు" అన్నాడు. నేను చెక్క కుడి అంచు ఎత్తాను. ఒక్కొక్క కాలి కింద పేళ్ళు దోపాడు. "దించు." సీసా చూశాడు. "ఎత్తు." ఒక పేడు తీసి ఇంకొకటి పెట్టాడు. "దించు." గోడకు రాయి కింద పెచ్చులు దోపినట్టే. నలభై యేళ్ళ వయసులో నేను మొదటిసారి మా నాన్నకు కూలీగా పనిచేశాను. పావుగంట పట్టింది. చివరికి సీసా అడ్డంగానూ నిలువుగానూ పెట్టి చూసి, "ఇప్పుడు పడుకో" అన్నాడు. అప్పుడు గాఢంగా నిద్రపోయాడు. నాకు మాత్రం చాలాసేపు పట్టలేదు.

ఉదయం పక్క చోటులోని పెద్దాయన ఒకరు కాఫీ కప్పుతో వచ్చి, మా పడక చూసి ముచ్చటపడి, కాళ్ళ కింద పేళ్ళ అమరిక చూసి, "మీ నాన్నగారు ఇంజనీరా?" అని ఇంగ్లీషులో అడిగారు. "కాదు, మా నాన్న మేసన్" అన్నాను. ఇంగ్లీషు రాకపోయినా ఆ ఒక్క మాట నాన్నకు తెలుసు. కాంట్రాక్టర్ల నోట విన్నదే. నావైపు ఒకసారి చూసి, దుప్పటి మడత పెట్టడంలో పడిపోయాడు.

ఆ పగలు లిపాన్ పాయింటుకు వెళ్ళాము. నాన్న గోడ పట్టుకొని నిలబడి ఆ రాతి వరుసలను చూశాడు. మాచర్ల వైపు నాపరాతి గనులు ఎరిగిన మనిషికి పొరలు పొరలుగా ఉండే రాయి కొత్త కాదు. ఈ పొడవు కొత్త. "ఎంత మట్టంగా పోయాయిరా!" అన్నాడు. మరికొంతసేపటికి అడుగున నది దగ్గర వేలు చూపి, "అక్కడ మాత్రం వాలింది" అన్నాడు. నిజమే. ఆ వాలిన పొరలు 73 కోట్ల యేళ్ళకు పైబడినవి. అవి ఒరిగాక, వాటి తలలు అరిగి చదునై, ఆ చదును మీద కొత్త పొరలు అడ్డంగా పేరుకున్నాయి. అన్నిటికంటే పైనున్న సున్నపురాయి వయసు దాదాపు 27 కోట్ల యేళ్ళు. అంతా విని, "కింద వాలు ఉంటే ఉంది, పైన వరుస సరిచూసుకున్నారు" అన్నాడు, ఎవరో మేస్త్రీల గురించి మాట్లాడినట్టు.

ఇంటికి వచ్చాక మళ్ళీ గ్యారేజీలో దిగాము. ఈసారి నేనే పిలిచాను. ఆయన కుర్చీలో కూర్చొని చెప్పాడు, నేను చేశాను. ప్రతి కాలి అడుగునా రంధ్రం చేసి, మరలున్న నట్టు దిగగొట్టి, పొడవైన బోల్టు ఎక్కించాము. తిప్పితే కాలు రెండంగుళాల దాకా పెరుగుతుంది, తగ్గుతుంది. ఏ చోట కారు నిలిపినా, ముందు కాస్త చదునైన నేల చూసుకొని, మిగిలిన తేడా బోల్టులతో తీసివేయవచ్చు. మీలో ఎవరైనా కడితే ఈ బోల్టులు మరిచిపోకండి. నేను చెప్పగల కిటుకు ఇదొక్కటే, అదీ నాది కాదు. చివర నాన్న పెన్సిలు అడిగి తీసుకొని, చెక్కమీద డిక్కీ వైపున పెద్ద అక్షరాలతో 'తల' అని వ్రాశాడు.

2020 జనవరిలో నాన్న వెళ్ళిపోయాడు. ఇప్పుడు మా చెల్లెలి దగ్గర ఉంటున్నాడు. అంత దూరం మళ్ళీ ప్రయాణం చేయలేనంటాడు. ఆ చెక్క మాత్రం ఏటా మాతో ఎక్కడికో ఒకచోటికి వస్తూనే ఉంది. తెలుగు చదవడం అంతంతమాత్రమైన మా పాప కూడా ఆ రెండక్షరాలు చూసి దిండు ఎటు పెట్టాలో తెలుసుకుంటుంది. బయలుదేరేముందు నాన్నకు ఫోను చేస్తాను. ఎక్కడికి, ఎన్నాళ్ళకు, చలి ఉంటుందా అని ఆయన అడగడు.

"నీళ్ళ సీసా పెట్టుకున్నావా?" అంటాడు.