ఆంబొసెలీలో మఱల నాలుగు దినములు

ఒకమాఱు చూచిన చోటికే లక్షలు పోసి మఱల పోవుట యేమి బుద్ధి యని మా బంధువులలో పలువురు మమ్ము నడిగిరి. లోకమున చూడని చోట్లు ఎన్నియో యుండగా చూచినదానినే చూడబోవుట దుబారా యని మా ఆడబిడ్డ మొగము మీదనే యనెను. ఆనాడు మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. ఇప్పుడు చెప్పగలమని తోచి యీ నాలుగు మాటలు సోదరీమణుల ముందుంచుచున్నాము.

మేము పోయినది తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశమునకు. దాని దక్షిణపు సరిహద్దున ఆంబొసెలీ యను వనము కలదు. 392 చదరపు కిలోమీటర్ల యీ ప్రదేశమును 1974లో జాతీయవనముగా నేర్పఱచిరి. సరిహద్దున కావల టాంజానియా దేశములో, 5,895 మీటర్ల యెత్తున కిలిమంజారో పర్వతము నిలిచియుండును. వనములో సాలునకు ఇంచుమించు 350 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడును. కఱవునకు పేరుపడిన మా అత్తవారి అనంతపురము జిల్లాలో పడు వానకంటెను ఇది తక్కువ. ఐనను పర్వతముమీద కురిసిన నీరు అగ్నిపర్వతపు రాళ్ళ సందులగుండ భూమిలోనికి దిగి, మైదానమున ఊటలై పైకుబికి, ఏడాది పొడుగునను ఎండని చిత్తడినేలలను పోషించుచుండును. చుట్టును ఉప్పుదుమ్ము; నడుమ పచ్చని తుంగ, నీరు. ఏనుగుల మందలు దినదినము ఆ నీటికి దిగివచ్చును.

మేము మొదట నచ్చటికి పోయినది 2009వ సంవత్సరము ఆగష్టు మాసమున. మా మఱిది అప్పుడు నైరోబీ నగరమున ఉద్యోగము చేయుచుండెను. అతడే మాకు, మా యిద్దఱు పిల్లలకు, మా అత్తగారికి ఆ వనపు అంచుననున్న గొప్ప సఫారి విడిదిలో మూడు దినముల బస యేర్పాటు చేసెను. సఫారి యనగా స్వాహిలీ భాషలో ప్రయాణము. అరబ్బీనుండి మనకును వచ్చిన ‘సఫరు’ అను మాటకు తోబుట్టువు. ఆ విడిదిలోని బస పేరునకు డేరాయే గాని అనుభవమునకు రాజభోగము. గోడలు గుడ్డవి, నేల నున్నని కొయ్య. దోమతెర దించిన పందిరిమంచము, పర్వతమునకు ఎదురుగా వసారా, రాత్రి పక్కలో వేడినీటి తిత్తి. స్నానపుగదిలో మనిషి పడుకొనదగినంత తెల్లని తొట్టి. అడవిమృగములు విడిది నడుమనే తిరుగును గనుక చీకటిపడిన పిదప మసాయి కావలివాడు దీపము, బల్లెము పట్టుకొని తోడురానిదే గడప దాటరాదు.

అది ఘోరమైన కఱవు సంవత్సరము. విడిదికి పోవు దారి పొడుగునను చారలగుఱ్ఱముల కళేబరములు పడియుండెను. మసాయి పశువుల కాపరులు ఎముకలు తేలిన ఆవులను తోలుకొనుచు నీటికై నడచుచుండిరి. ఆ యేడు ఆ ప్రాంతమున వందలకొలది ఏనుగులు చచ్చెను.

ఇంత చూచి విడిదికి చేరినంతనే పిల్లలు స్నానపుతొట్టి చూచి సంతసించి రెండు కొళాయిలు విప్పిరి. మా అత్తగారు పోయి కట్టివేసిరి. ‘బయట గొడ్లు దప్పికతో చస్తాంటే ఈడ తొట్టినిండా నీళ్ళా? బొక్కెన తెప్పీ’ అనిరి. పరిచారకుడు వినుచుండెను. మేము కృష్ణా కాలువల క్రింద పుట్టినవారము. నీరనిన మాకు లెక్కలేదు. పల్లెటూరివారమని వారు నవ్వుకొందురేమో యని మాకు సిగ్గు కలిగెను. ‘ఇచ్చిన డబ్బునకు వచ్చు నీళ్ళే కదా అత్తయ్యా! ఇంటి పిసినారితనము ఇక్కడ కూడనా?’ అని పిల్లల యెదుట, పరవాని యెదుట అనివేసితిమి. ఆమె మాఱుమాట యాడలేదు. బొక్కెన వచ్చెను. పిల్లలకు ఆ బొక్కెనతోనే స్నానము చేయించి, మిగిలిన రెండు చెంబులతో తాము కాళ్ళు కడుగుకొనిరి.

ఆ రాత్రి వసారాలో కూర్చుండి ఆమె తన చిన్నతనము చెప్పిరి. 1952లో రాయలసీమ కఱవునాడు ఆమెకు ఏడేండ్లు. గంజికేంద్రము ముందు సత్తుగిన్నె పట్టుకొని వరుసలో నిలిచినదియు, తెల్లవాఱకముందే తల్లి వెంట చెలమకు పోయి ఊట ఊరువఱకు కాచుకొని కూర్చున్నదియు చెప్పిరి. మేము వింటిమి. తప్పైనదని మాత్రము అనలేదు. అనుటకు మఱునాడున్నది, ఇంటికి పోయిన పిదప నున్నది అనుకొంటిమి. అట్లే పదునైదేండ్లు గడచెను.

ఆ మొదటి ప్రయాణమున ఆమె మనసున నాటినది ఒక యేనుగు కథ. సింథియా మాస్ అను అమెరికా మహిళ 1972 నుండి ఆ వనపు ఏనుగులను ఒక్కొక్కదానిని పేరుతో గుర్తించి, వాని కుటుంబచరిత్ర వ్రాయించుచున్నారు. ఏనుగులది ఆడవారి సంసారము. అందఱికంటె పెద్దదగు ఆడుయేనుగు మందకు యజమానురాలు. కూతుళ్ళు, మనుమరాండ్రు దాని వెంట నుందురు. మగపిల్లలు యీడు వచ్చినంతనే వేఱుపడి పోవుదురు. ఎకో యను ముసలియేనుగు ఎన్నో యేండ్లు తన మందను నడిపి, దాదాపు 65 యేండ్ల వయసున 2009 మే మాసమున, మేము పోవుటకు మూడు నెలల ముందే మరణించెను. బండివాడు ఈ కథ చెప్పగా మా అత్తగారు చాలసేపు మాటాడలేదు. తుదకు, ‘నీళ్ళ జాడ ఎరిగిన ముసల్ది పోతే ఆ మంద గతి ఏం కావాలమ్మా?’ అనిరి.

ఆ ప్రశ్న వెఱ్ఱిది కాదని మాకు తరువాత తెలిసెను. 1993లో టాంజానియాలోని టరంగిరే వనమున కఱవు వచ్చినప్పుడు, వయసు మీరిన పెద్దలుగల మందలు వనము విడిచి వేఱుచోట నీరు, మేత వెదకుకొని పిల్లలను ఎక్కువగా దక్కించుకొనెనని పరిశోధకులు వ్రాసియున్నారు. పెద్దలను వేటగాండ్రు చంపివేయగా చిన్నవయసు యేనుగుల చేతబడిన మందలు కదలక అచ్చటనే యుండి ఎక్కువ పిల్లలను పోగొట్టుకొనెనట. ముప్పదియేండ్ల క్రిందటి కఱవు తెలిసిన తల యొకటి యున్న మంద బ్రతికెను.

ఇక రెండవ ప్రయాణము. కొన్ని యేండ్లుగా మా అత్తగారికి మఱపు వ్యాధి ముదిరినది. తిన్నది మఱతురు, కొడుకును ఒకొక్కప్పుడు తమ్ముడనుకొందురు. కాని ‘ఆ కొండకింద నీళ్ళకాడికి ఎప్పుడు పోదాము?’ అని మాత్రము మాటిమాటికి అడుగుచుండిరి. మొదట అనంతపురము జిల్లాలోని యే చెఱువో అనుకొంటిమి. ఒకనాడు మా అమ్మాయి ఏనుగుల పటము చూపగా వ్రేలితో తాకి ‘ఇదే’ అనిరి. ఇంకొక యేడు పోయిన పిదప ఆ మాటయు మఱతురేమో యని, వైద్యుని సలహా గైకొని, 2024 ఆగష్టులో బయలుదేరితిమి.

పోదలచిన సోదరీమణులకు ఉపకరించునని రెండు మూడు సంగతులు చెప్పెదము. కెన్యానుండి తిరిగివచ్చువారు పచ్చజ్వరపు టీకా పత్రమును మన దేశమున చూపవలెను. ప్రయాణమునకు కనీసము పది దినముల ముందు టీకా వేయించుకొనవలెను. 2016 నుండి ఆ పత్రము జీవితాంతము చెల్లును గనుక మా అత్తగారి పాత పత్రమే చాలెను. నైరోబీ నుండి వనమునకు పోవు చిన్నవిమానములో మనిషికి 15 కిలోల సామాను, అదియు మెత్తని సంచులలో, సామాన్యముగా ననుమతింతురు. ఊరగాయలు పాలితీను సంచులలో కట్టుకొనరాదు. 2017 నుండి ఆ దేశమున ప్లాస్టిక్ సంచులు నిషిద్ధములు. మేము ఇత్తడిమూతల స్టీలు డబ్బాలలో కొనిపోతిమి.

విడిది చాలవఱకు అట్లే యున్నది గాని వన మట్లు లేదు. ఆ యేడు మార్చి నుండి మే వఱకు కెన్యాలో పెనువానలు కురిసెను. మునుపు ఉప్పుదుమ్ము లేచినచోట నీరు నిలిచి కొంగలు తిరుగుచుండెను. విడిదివారు మా అత్తగారిని ‘న్యాన్యా’ అని పిలిచిరి. అనగా అవ్వ. టమాటాపండునకును స్వాహిలీలో అదే పేరని మా అమ్మాయి వంటశాలలో తెలిసికొని వచ్చి చెప్పగా, చాలనాళ్ళకు మా అత్తగారు నోరార నవ్విరి. భోజనశాలలోని పదునాలుగు రకముల వంటకములు ఆమెకు రుచింపలేదు. పనివారు తమకై వండుకొను ఉగాలి తెప్పించితిమి. మొక్కజొన్నపిండితో గట్టిగా కెలికిన ముద్ద అది. దానిలోనికి సుకుమా వీకీ యను ఆకుకూర. ఆ పేరునకు ‘వారము నెట్టుము’ అని అర్థమట! కొద్ది డబ్బుతో వారము గడుపు ఇల్లాలు పెట్టిన పేరే కావచ్చును. ఆమె ముద్దను వ్రేళ్ళతో నొక్కి చూచి ‘సంగటి’ అని తృప్తిగా తినిరి.

రెండవ రాత్రి మేము జన్మలో మఱవలేనిది జరిగెను. రెండుగంటలవేళ మెలకువ వచ్చి చూడగా ఆమె పక్క ఖాళీగా నున్నది. స్నానపుగదిలోని బొక్కెన లేదు. డేరా తలుపు తీసియున్నది. బయట చీకటి, ఎచ్చటనో ఏనుగు కొమ్మ విఱచు చప్పుడు. మా వారికి నోటమాట రాలేదు. మేము విడిదివారు మొదట చెప్పిన కట్టడి మఱచి మెట్లు దిగబోవుచుండగా దూరమున దీపము కనబడెను. కావలివాడు నెమ్మదిగా నడచివచ్చుచుండెను. ఒక చేత దీపము. ఇంకొక చేత నిండు బొక్కెన. ప్రక్కనే మా అత్తగారు, కొంగు నడుమున దోపుకొని.

ఆమె నీటికి బయలుదేరినారని అతడు బొక్కెన చూచి గ్రహించెనట. వెనుకకు లాగినచో బెదరుదురని, వంటశాల వెనుక కొళాయి వద్దకు తీసికొనిపోయి, నింపి, తానే మోసికొని వచ్చెను. ‘మా న్యాన్యా కూడ తెల్లవాఱకముందే నీటికి పోయెడిది’ అని మాత్రము చెప్పి వెడలిపోయెను. అతనికి నమస్కరించుటకైన మాకు చేతులాడలేదు.

ఆమెను పక్కమీద కూర్చుండబెట్టి కాళ్ళు తుడుచుచు, పదునైదేండ్లుగా గొంతులోనున్న మాటను అంటిమి. ‘అత్తయ్యా, ఆనాడు పిల్లల యెదుట మిమ్ము తూలనాడితిమి. తప్పు మాది, క్షమింపుడు’ అంటిమి. ఆమె మా మొగము వంక వింతగా చూచిరి. ‘ఏ మాటమ్మా? నీళ్ళు దొరికినాయి గదా. పండుకో పో’ అనిరి. ఆమె క్షమించిరో, ఆ సంగతియే ఎఱుగరో ఎన్నటికిని మాకు తెలియదు. చెప్పదగిన మాట చెప్పదగిననాడే చెప్పవలెను.

తెల్లవాఱిన పిదప మేము లేచి చూతుము గదా, మా అమ్మాయి ఆ బొక్కెనెడు నీళ్ళతోనే తన అవ్వకు స్నానము చేయించుచున్నది. తెల్లని తొట్టి పొడిగా నున్నది. ఎవరు చెప్పిరని అడిగితిమి. ‘అవ్వే చెప్పింది కదమ్మా, అప్పుడు’ అనెను. అప్పుడు దానికి అయిదేండ్లు! మేము నాడు సిగ్గుపడినదానిని అది నేర్చుకొని దాచుకొన్నది.

ఆనాటి సాయంకాలము చిత్తడినేల యొద్ద ఏనుగులను చూచితిమి. కఱవు తీఱిన పిదప, 2011, 2012 సంవత్సరములలో, పిల్లలు విరివిగా పుట్టెనట. ఏనుగు గర్భము ఇరువదిరెండు నెలలు గనుక అంతకాలము పట్టెను. అప్పటి పిల్ల యొకటి ఇప్పుడు తల్లియై, తన కూనను కడుపుక్రింద నడిపించుకొనుచు నీటిలో దిగెను. మా అత్తగారు బండివాని భుజము తట్టి ‘ముసల్ది ఏదీ?’ అనిరి. మాట తెలియకున్నను అతనికి భావము తెలిసెను. అందఱికంటె ముందు, చెవి చిరిగిన యొక పెద్ద యేనుగును చూపెను. ఆమె దానిని చాలసేపు చూచి, ‘ఉంది గదా, చాలు’ అనిరి. తరువాత ఇంటికి చేరువఱకు ఆ నీళ్ళ మాట మఱల అడుగలేదు.

మా ఆడబిడ్డ ప్రశ్నకు సమాధాన మిదియే. మొదటిమాఱు పోయినప్పుడు మేము మృగములను చూచితిమి. రెండవమాఱు మా యింటి పెద్దను చూచితిమి. అందులకు అంతదూరము పోవలసివచ్చుట మా లోపమే. ఆమె ఇప్పుడు మా పేరును మఱచినారు. దినమున కొకమాఱు మా అమ్మాయి ఆమె చేతికి చెంబు అందించి తులసిచెట్టునకు నీళ్ళు పోయించును. ఒక్క చుక్క నేలపాలు కాదు.