తెలిసినవాళ్ళు ఎవరైనా ఉండారా?

సినిమా ఎడిటింగ్ నేర్చుకోవాలని ఉంది అని ఇంట్లో చెప్పినప్పటి నుంచి అందరూ నన్ను అడిగే ప్రశ్న ఇదొక్కటే. ఇప్పటిదాకా ఏం నేర్చుకొన్నావు అని ఎవరూ అడగలేదు. "ఆడ మనకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉండారా?" నాన్న అడిగాడు, పెద్దమ్మ అడిగింది, కారమడై స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉంటే పక్కింటాయన కూడా అడిగాడు. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. సిఫారసు అనే మాట మాత్రం రెండింట్లోనూ దాదాపు ఒకటే. గడప దాటినా మారని మాటలు మాకు ఎక్కువ లేవు, వాటిలో ఇదొకటి.

తాత మాత్రం ఆ ప్రశ్న అడగడు. "సినిమా మనోళ్ళదే కదా పాపా" అంటాడు. ఆయన చెప్పేది కోయంబత్తూరు సినిమా గురించి. మన క్లాసులో చాలామందికి సినిమా అంటే కోడంబాక్కం, లేకపోతే హైదరాబాదు. కానీ 1930లలోనే సింగానల్లూరులో సెంట్రల్ స్టూడియోస్ ఉండేది. దానిలో భాగస్తుడైన ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు 1945లో విడిగా వచ్చి పక్షిరాజా స్టూడియో పెట్టుకొన్నాడు. 1954లో ఎం.జి.ఆర్.తో 'మలైక్కళ్ళన్' తీశాడు. దానికి రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. అదే కథను ఆయన ఆరు భాషల్లో తీశాడు. తెలుగులో ఎన్.టి.ఆర్.తో 'అగ్గిరాముడు', హిందీలో దిలీప్ కుమార్‌తో 'ఆజాద్', మలయాళంలో సత్యన్‌తో 'తస్కరవీరన్', తర్వాత కన్నడం, సింహళం. భానుమతి తమిళంలోనూ తెలుగులోనూ ఆవిడే.

తాతకు ఇది గర్వం. నాకు ఇది లెక్క. ఆరు భాషల్లో హీరోలను పిలిపించి సినిమా ముగించాలంటే ఎన్ని ఊర్లలో ఎంతమంది తెలిసి ఉండాల! 'ఆజాద్' పాటలన్నీ నెలలోపల కావాలని నాయుడు అడిగితే నౌషాద్ కుదరదన్నాడని, సి. రామచంద్ర ఒప్పుకొని చేసి ఇచ్చాడని చెప్పుకొంటారు. ఎవరు సరి అని నేను తేల్చలేను. ఒకరు పనికి పట్టే కాలాన్ని వదులుకోలేదు, ఇంకొకరు చేతికొచ్చిన పనిని వదులుకోలేదు. పాటలు మాత్రం బాగుండాయి, ఇప్పుడూ వినొచ్చు.

నేను మళ్ళీ మళ్ళీ తలచుకొనేది వేరే కథ. ఎం.ఎస్. విశ్వనాథన్ చిన్న వయసులో కోయంబత్తూరులో జూపిటర్ పిక్చర్స్‌లో చిల్లర పనులు చేసేవాడు. కాఫీలు అందించడం, పిలిచినప్పుడు హార్మోనియం వాయించడం. సంగీత దర్శకుడు ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు. ఒకసారి ఆ పిల్లవాడు తనకుతాను కట్టుకొన్న బాణీ నాయుడు చెవిన పడింది, అది సినిమాలోకి పోయింది, పేరు నాయుడిది. తర్వాత జూపిటర్‌వాళ్ళు మద్రాసుకు మారేటప్పుడు నాయుడే కంపెనీ యజమానికి, ఆ బాణీ ఈ పిల్లవాడిదే, వీణ్ణి వెంట తీసుకొనిపోండి అని చెప్పాడంటారు.

ఈ కథ చెప్పేవాళ్ళు నాయుడి పెద్దమనసు చెప్పి ఆపేస్తారు. నాకు రెండూ కనిపిస్తాయి. బాణీ లేకుంటే చెప్పడానికి ఏమీ లేదు. చెప్పేవాడు లేకుంటే ఆ బాణీ ఎవరిదో తెలిసేదే కాదు. అన్నాళ్ళు ఆ పిల్లవాడు ఏమనుకొని ఉంటాడో! ఇంకొకటి కూడా ఉంది. విశ్వనాథన్ పాలక్కాడు పిల్లవాడు, మలయాళీ. తాత అనే 'మనోళ్ళ' లెక్కలోకి రాడు. ఈ మాట అంటే తాత కాసేపు నాతో మాట్లాడలేదు, తర్వాత "చెవి ఉన్నోడికి అందరూ మనోళ్ళే" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది కానీ పూర్తిగా నమ్మను. ఇంటి పేరు అడిగి తలుపు తెరిచేవాళ్ళు ఇప్పుడూ ఉండారు. తెరవనివాళ్ళూ ఉండారు.

మన జిల్లా కినత్తుకడవు నుంచి పోయిన లోకేశ్ కనగరాజ్ బ్యాంకు ఉద్యోగం చేస్తూ షార్ట్ ఫిలింలు తీశాడు. 2016లో 'అవియల్'లో ఒక భాగం, 2017లో 'మానగరం'. అందరం ఆయన పేరే చెప్తాం. తీసి ఇంట్లోనే పెట్టుకొన్నవాళ్ళ పేర్లు మనకు ఎట్లా తెలుస్తాయి?

మా ఊళ్ళో పెళ్ళి వీడియోలు తీసే ఒక అన్న ఉండాడు. శని, ఆదివారాలు ఆయన కంప్యూటరు దగ్గరే నేను ఎడిటింగ్ నేర్చుకొంటుండాను. ఆయన నాలుగేళ్ళు చెన్నైలో అసిస్టెంటుగా ఉండి తిరిగి వచ్చేశాడు. "నన్ను చేర్పించినోళ్ళు పెద్దోళ్ళే. కానీ డైరెక్టరు పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చేది నా పనైపోయింది. సిస్టం ముందర కూర్చోమని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు" అన్నాడు. కోపంగా కాదు, తాళి కట్టే చోట మేళం శబ్దం సరిచేస్తూ అన్నాడు. మాట ముగిసిన తర్వాత ఊపిరి తీసుకొనేదాకా ఆగి కట్ చెయ్యాల అని నాకు నేర్పింది ఆయనే. ఏ పుస్తకంలోనూ నాకు ఇంత తేటగా దొరకలేదు.

ఇప్పుడు సంగతి ఏమంటే, చెన్నైలో ఉండే చిన్నమామకు ఒక ఎడిటర్ గారి ఆఫీసు మేనేజరు తెలుసట. వేసవి సెలవుల్లో వచ్చి చేరితే ఆరు నెలలు ఉండాల, జీతం లేదు. అంటే థర్డ్ ఇయర్ సగం పోతుంది. "డిగ్రీ ఎక్కడికీ పోదు, ఆ మేనేజరు పోతాడు" అంటాడు నాన్న. "ఆ ఆఫీసులో ఇంకో ఆడపిల్ల ఉందా? ముందు అది అడగండి" అంటుంది అమ్మ. పూణే ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్ పీజీకి డిగ్రీ కావాలని నేను చెప్తుంటాను. మేడమ్ కూడా అదే చెప్పారు.

మామను రెండు నెలలకు ఒప్పుకొంటారేమో అడగమన్నాను. ఆయన నవ్వి, "సరే, ఏదైనా చేసి ఉంటే పంపు, చూపించి అడుగుతా" అన్నాడు. నేను చేసింది ఒకటే, ఫోనులో తీసిన 9 నిమిషాల సినిమా. మా అవ్వ గురించి. అవ్వ మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం, తెలుగు అక్షరం రాదు. నేను మన డిపార్ట్‌మెంట్‌లో రాసిన నోట్సు నా చేత చదివించుకొని వింటూ, "ఇది మన మాట మాదిరి లేదే" అంటుంది. ఆ మాట వెనకాలే వంటింట్లో మిక్సీ తిరుగుతుంది. అది తీసేసి సంగీతం వేసి పంపు, చెన్నైవాళ్ళు మొదటి నిమిషంలోనే శబ్దం చూస్తారు అంటాడు అన్న. మిక్సీ ఆగినప్పుడు అవ్వ గొంతు తగ్గించుకొంటుంది, నాకు ఆ చోటు కావాల. రెండు కాపీలు చేసి పెట్టాను. శనివారం లోపల మామకు ఒకటి పంపాల.