జెనీవా లెక్కలో మా అమ్మ

మార్చి 8 వచ్చిందంటే మా ఆశ్రమ పాఠశాలలో ఒక ఉపన్యాసం ఉంటుంది. పోయిన మార్చిలో ఆ పని నా మీద పడింది. "మన దేశంలో మహిళల ప్రగతి" అని విషయం కూడా హెడ్మాస్టరు గారే చీటీ మీద రాసిచ్చారు. నేను సోషల్ టీచర్ని. చదివి చెప్పడం కొత్త కాదు. రెండు రాత్రులు కూర్చుని నోట్సు రాసుకున్నాను.

చెప్పడానికి చాలానే దొరికింది. మహిళల మీద అన్ని రకాల వివక్షను తొలగించాలని 1979లో ఐక్యరాజ్యసమితి ఒక ఒప్పందం చేసింది. పొట్టిగా సీడా అంటారు. దాని మీద మన దేశం 1980లో సంతకం పెట్టింది, 1993 జూలైలో ఆమోదించింది. ఆమోదించిన ప్రతి దేశమూ నాలుగేళ్ళకోసారైనా తన ఆడవాళ్ళ పరిస్థితి గురించి నివేదిక ఇవ్వాలి. 23 మంది నిపుణుల కమిటీ జెనీవాలో కూర్చుని ఆ నివేదిక చదువుతుంది, ప్రశ్నలు వేస్తుంది. ఒక రకంగా దేశానికి పరీక్ష పెట్టినట్టు. 2014లో మన దేశం నాలుగో, ఐదో నివేదికలను కలిపి ఒకేసారి అక్కడ సమీక్షించారు. ఇదంతా పిల్లలకు పరీక్షల భాషలోనే చెప్పాను, బాగా అర్థమైంది.

తర్వాత ముర్ము గారి గురించి చెప్పాను. 2022లో ఒక సంతాల్ ఆడబిడ్డ రాష్ట్రపతి అయింది. సీతక్క పేరు ఎత్తగానే చప్పట్లు ఆగలేదు, మా కోయ బిడ్డ కదా. చట్టసభల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకని 2023లో రాజ్యాంగ సవరణ చేశారని, అయితే జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అది అమలవుతుందని చెప్పాను. చివరికి ఆస్తి హక్కు దగ్గరికొచ్చాను. ఈ విషయంలో తెలుగువాళ్ళు దేశానికి దారి చూపారు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ చట్టం తెచ్చారు. అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. దేశమంతటా ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. "కాబట్టి ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా ఉంది" అని ముగించి నోట్సు మూశాను.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచింది. "టీచర్, మా నాన్నకు మేం ముగ్గురం ఆడపిల్లలమే. మా చేను మాకొస్తదా?" అని అడిగింది.

"వస్తుంది, కూర్చో" అన్నాను.

అది అబద్ధమని అన్నప్పుడే నాకు తెలుసు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ అబద్ధమే.

1956 హిందూ వారసత్వ చట్టంలో రెండో సెక్షన్‌లో ఒక చిన్న వాక్యం ఉంది. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదని దాని సారం. 1985 సవరణైనా, 2005 సవరణైనా ఆ చట్టం మీద కట్టినవే. పునాది మన ఊరి దాకా రాలేదు, గోడ ఎక్కడి నుంచి వస్తుంది? మనకు మిగిలింది ఆచారం. ఆచారం ఎక్కడా రాసి ఉండదు. పెద్దమనుషులు కూర్చుని ఏం చెబితే అదే.

ఈ సంగతి నేను పుస్తకాల్లో చదవకముందే మా ఇంట్లో చూశాను. మా నాన్న 2011లో పోయాడు. మేం ఇద్దరం అక్కాచెల్లెళ్ళం, అన్నదమ్ములు లేరు. రెండెకరాల చిల్లర చేను. నాన్న ఆరోగ్యం చెడ్డ నాటి నుంచీ దున్నకం తప్ప మిగతా పనంతా అమ్మదే. దినాలైన వారానికి పెద్దలు కూర్చున్నారు. "ఒక పిల్లకు ఇల్లరికం తెచ్చుకుంటే పోయేది, తెచ్చుకోలేదు. ఆడపిల్లలు వేరే ఇంటికి పోయేవాళ్ళు. తల్లి బతికున్నన్నాళ్ళు చేసుకు తింటది. పట్టా మాత్రం పెదనాన్న కొడుకు పేరున ఉండాలి" అన్నారు. మా అన్న చెడ్డవాడు కాదు. ఇప్పటికీ పండక్కి అమ్మకు చీర తెస్తాడు. పట్టా మారింది.

2018లో రైతుబంధు వచ్చింది. ఎకరానికి పంటకు 4,000 రూపాయల చెక్కు. మా చేను మీద చెక్కు అన్న పేరున వచ్చింది. విత్తనాలకు అమ్మ సంఘంలో అప్పు తీసుకుంది. రైతుబీమా అయినా పాసుబుక్కులో పేరున్న వాళ్ళకే. నలభై ఏళ్ళు ఆ చేలో వంగిన మనిషి సర్కారు లెక్కలో రైతు కాదు. "నేను రైతును కాదంట, మరి నేనెవర్నే?" అని ఒకసారి నవ్వుతూ అడిగింది. నేను నవ్వలేదు.

మా దగ్గర విజ్జ పండుం నాడు ఇంటింటి నుంచి విత్తనాలు తెచ్చి పూజారి ముందు పెడతారు. ఆ విత్తనాన్ని బూడిద కలిపి, పురుగు పట్టకుండా ఏడాదంతా దాచేది ఎవరో చదివేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

ఉపన్యాసం అయ్యాక ఆ పిల్ల ముఖం గుర్తొచ్చి మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. ఈసారి సీడా కాగితాల చివర ఉండే చిన్న అక్షరాలు చదివాను. ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు మన దేశం కొన్ని ప్రకటనలు జతచేసింది. ఆచారాల్లో వివక్ష తొలగించడం, పెళ్ళి, కుటుంబం, వాటిలో ఆస్తి హక్కులు - వీటి విషయంలో ఏ సముదాయమైనా తనంతట తాను చొరవ తీసుకుని ఒప్పుకుంటే తప్ప ఆ సముదాయపు సొంత వ్యవహారాల్లో జోక్యం చేసుకోమన్నది అందులో ఒకటి. ఆ ప్రకటనలు వెనక్కి తీసుకోమని కమిటీ అడుగుతూనే ఉంది.

ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. మొదట కోపం రాలేదు, నిజం చెప్పాలంటే కొంచెం నచ్చింది. మన వ్యవహారాల్లో బయటివాళ్ళ జోక్యం ఎంత చేటు చేసిందో మనకు తెలుసు. తర్వాత అనుమానం వచ్చింది. సముదాయం అంటే ఎవరు? మా ఊళ్ళో సముదాయం మాట్లాడాలంటే చింతచెట్టు కింద మాట్లాడుతుంది. అక్కడ కూర్చునేది మగవాళ్ళు. మా ఇంటి తీర్పు రోజు అమ్మ దూరంగా నిలబడి ఉంది. ఆమెను అడిగింది ఒక్కటే, "అన్నం వండావా?" అని.

పెద్దలు చెప్పే భయం ఉత్త సాకు అని నేననను. ఆడపిల్లకు భూమి ఇస్తే, ఆమె గిరిజనేతరుణ్ణి చేసుకుంటే భూమి జారిపోతుందంటారు. ఏజెన్సీలో గిరిజన స్త్రీ పేరు అడ్డం పెట్టుకుని భూములు నడిపే వాళ్ళను నేనూ చూశాను. కానీ 1970 సవరణతో గట్టిపడిన భూ బదలాయింపు చట్టం ఉంది కదా. 1/70 అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి పేరుకు మారడానికి వీల్లేదు. అల్లుడికీ అదే చట్టం. పైగా మా చుట్టుపక్కల మిరపతోటలకు నోటిమాట మీద కౌలుకిచ్చి, అప్పు కింద చేలు వదులుకున్నది ఎవరు? ఆ కాగితాల మీద వేలిముద్రల్లో ఎక్కువ మగవాళ్ళవే. వాళ్ళు పోగొట్టారని మగవాళ్ళకు వారసత్వం తీసేయాలని ఎవరూ అనలేదు.

కోర్టులు కూడా ఒక దారిన లేవు. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు మంచి మాట చెప్పింది. ఆడవాళ్ళకు వాటా ఇచ్చే ఆచారం ఉందని నిరూపించమని కింది కోర్టులు ఆ ఆడవాళ్ళనే అడిగాయి. అది తలకిందుల పద్ధతి అని, ఇవ్వకూడదనే ఆచారం ఉందని ఎవరూ చూపనప్పుడు ఆడదన్న కారణంతో వాటా నిరాకరించడం సమానత్వానికి విరుద్ధమని అంది. ఆ అక్టోబరులోనే హిమాచల్ కేసులో, హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదని మళ్ళీ చెప్పింది. రెండూ కలిపి చదివితే నాకర్థమైంది ఇది: చట్టం ఇంకా మన ఇంటికి రాలేదు, కానీ ఆచారం పేరుతో ఏది చెప్పినా చెల్లుతుందనే రోజు కూడా పోయింది.

తలుచుకుంటే ఈ దేశం చేయగలదు. 2006 అటవీ హక్కుల చట్టంలో, పెళ్ళయిన వాళ్ళకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని నాలుగో సెక్షన్‌లో రాశారు. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. మా పిన్నికి అలా పోడు పట్టా వచ్చింది. అందులో ఆమె పేరు తప్పుగా పడింది, ఫోటోలో కళ్ళు మూసుకుని ఉంది. అయినా దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. ఎవరైనా చుట్టం వస్తే తీసి చూపిస్తుంది.

2022లో సీడా కమిటీ ఆదివాసీ స్త్రీలు, బాలికల హక్కుల మీద ప్రత్యేకంగా 39వ సాధారణ సిఫారసు ఇచ్చింది. మంచిదే. ఆ కమిటీ ముందు మళ్ళీ మన దేశం నిలబడినప్పుడు అక్షరాస్యత లెక్క చెబుతారు. 2011 జనగణనలో గిరిజన స్త్రీలలో అది 49 శాతం. వాటా లేని కూతుళ్ళ లెక్క ఎవరి దగ్గరుంది? మర్నాడు తరగతిలో ఇళ్ళలో పాసుబుక్కు ఎవరి పేరున ఉందో కనుక్కుని రమ్మన్నాను. నాన్న, తాత, చిన్నాన్న, అన్న. అమ్మ పేరు చెప్పిన పిల్లలకు ఒక చేతి వేళ్ళు సరిపోయాయి. ముందురోజు నేను చెప్పింది తప్పని ఆ పిల్లకు అందరి ముందే చెప్పాను. "మరి ఏం చెయ్యాలి టీచర్?" అంది. మా ఇంటి కథ చెప్పాను.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇదంతా అమ్మకు చెప్పాను. జెనీవా ఎక్కడుందో ఆమెకు అక్కర్లేదు. ఆ ప్రకటన మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది. "మనోళ్ళు ఒప్పుకుంటేనే అన్నారా?" అంది. తర్వాత, "మనోళ్ళను అడిగిందెవరు? నన్నయితే ఎవరూ అడగలేదు" అంది.

మర్నాడు పొద్దున పటేల్ ఇంటికి వెళ్ళింది. ఏం మాట్లాడిందో నాకు పూర్తిగా చెప్పలేదు. పట్టాలో తన పేరు, మా ఇద్దరి పేర్లు రాయాలని, ఆ మాట చెట్టు కింద అందరిలో కూర్చుని తానే అడుగుతానని అందట. అన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు వచ్చి, "నాకేం వద్దు పిన్నీ, కానీ పెద్దలు ఏమంటారో" అన్నాడు.

వచ్చే గురువారం కూడిక పెట్టారు. చెల్లి కూడా వస్తోంది. నేను సెలవు చీటీ రాశాను. కారణం అన్నచోట ఏం రాయాలో తోచక "సొంత పని" అని రాసిచ్చాను.