ఆఖరి కూత

నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. ఇందుకూరుపేట దాటేదాకా దారికి రెండువైపులా వరి మళ్లే. ఆ తర్వాత పచ్చదనం పలచబడి రొయ్యల గుంటలు మొదలవుతాయి. గుంటల్లో గిరగిరా తిరిగే ఏరియేటర్లు, గాలిలో మేత వాసన. బకింగ్‌హాం కాలువ దాటామా... ఇక ఉప్పుగాలే. ఒకప్పుడు పెద్దగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా సరుకుల పడవలు నడిచిన కాలువ అది. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది.

ఆదివారం వస్తే నెల్లూరు జనం సగం మైపాడు బీచిలోనే ఉంటారు. మేం అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. సరుగుడు తోపుల పక్కనుంచి కొంతదూరం నడిస్తే ఒక పట్టపుపాళెం వస్తుంది. నెల్లూరు తీరంలో ఊరూరికీ ఇలాంటి పాళెం ఒకటి ఉంటుంది. వేటే బతుకైన పట్టపు వాళ్లు ఉండే చోటు. ఇళ్లల్లో తమిళం కలిసిన తమ మాట, బయటివాళ్లతో నెల్లూరు తెలుగు. ఆ రాత్రి అక్కడ కబడ్డీ ఫైనల్ ఉందని తెలిసిన మిత్రుడొకరు లాక్కెళ్లారు.

మే నెల. సముద్రంలో వేట నిషేధం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు మర పడవలు నీళ్లలో దిగకూడదు. అందుకే పడవలన్నీ ఇసుక మీదికెక్కి బోర్లుకున్నాయి. మామూలు రోజుల్లో ఈ వేళకు పాళెంలో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలే కనిపిస్తారు. ఇప్పుడు మగవాళ్లంతా ఊళ్లోనే. పగలంతా వలలు బాగు చేసుకోవడం, తమిళనాడు సోనా బోట్లను తిట్టుకోవడం. సాయంత్రమైతే ఆట చూడటం. ఏడాదిలో తండ్రులు తీరుబడిగా కూచుని కొడుకుల ఆట చూసే రోజులు ఇవే.

ఇసుక మీద మట్టి పరిచి, నీళ్లు చల్లి, చదును చేసి, సున్నంతో గీతలు గీశారు. నాలుగు గుంజలకు లైట్లు కట్టారు. మైకులో ఒకాయన ‘ఇంకా రెండే రెండు నిమిషాలు’ అని గొంతు చించుకుంటున్నాడు. రెండు పాళేల పిల్లకాయలు. పదహారు, పదిహేడేళ్ల వాళ్లు. చొక్కాల వెనక నంబర్లున్నాయి గానీ కాళ్లకు బూట్లు లేవు. వలలు లాగీ లాగీ గట్టిపడిన చేతులు కాబట్టి పట్టు పడితే వదలడం అంటూ ఉండదు.

ఈ ఊరి జట్టు ఒక్క పాయింటు వెనక ఉంది. చివరి కూత. బక్కగా, పొడుగ్గా ఉన్న కుర్రాడొకడు గీతను మొక్కి లోపలికి వెళ్లాడు. ఊరు మొత్తం ఊపిరి బిగబట్టింది. మూల ఆడేవాణ్ణి కాలితో అందుకుందామని సాగాడు. అందలేదు. ఇంకొంచెం సాగాడు. ఈల మోగింది. కుడికాలు పక్క గీత దాటింది! ఎదుటి జట్టుకు ఇంకో పాయింటు. అంతే, అయిపోయింది.

గెలిచినవాళ్లు ఎగిరి గంతేశారు. ఓడినవాళ్లలో ఇద్దరు ఉన్నచోటే కూలబడ్డారు. ఒకడు చొక్కా పైకెత్తి మొహం కప్పుకున్నాడు. ఇంకొకడు రిఫరీ దగ్గరికి పరుగెత్తి, ఏం చెప్పాలో తెలియక తిరిగొచ్చాడు. కూతకెళ్లిన కుర్రాడు మాత్రం ఎవరివైపూ చూడకుండా చీకట్లోకి నడిచి, మోకాళ్ల లోతు నీళ్లలో ఆగి, మనకు వీపు పెట్టి నిలబడ్డాడు. అలల హోరులో ఏడుపు వినపడలేదు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

నాకు నోరూరుకోదు. పక్కనున్న పెద్దాయనతో ‘ఎవరైనా పోయి ఊరుకోబెట్టండి’ అన్నాను. ఆయన ఆ ఊరి కాపుల్లో ఒకరు. కాపులంటే ఇక్కడ కులపెద్దలు. వాళ్లు ‘దురాయి’ వేశారంటే ఆ మాట దాటి ఎవరూ వేటకు పోరు, పనికీ పోరు. ఆ రోజు కూడా దురాయి ఉందట: ఆట అయ్యాక ఎవరు చెయ్యెత్తినా తప్పు కట్టాలి. వెనకటికి ఇలాంటి ఆటలే రెండు పాళేల మధ్య కొట్లాటలుగా మారి, నెలల తరబడి మాటల్లేకుండా చేశాయట.

‘గమ్మునుండండి సార్. పిల్లకాయల్ని ఏడవనీండి’ అన్నాడాయన. ‘ఓడి ఏడ్చేవాడంటే మాకు భయం లేదు. ఏడవకుండా బిర్రబిగుసుకోని ఇంటికి పోయేవాడుండాడే... వాణ్ణి చూస్తేనే భయం.’

నేను చదువుకున్న రోజుల్లో ఆటలో ఓడి కళ్లు తుడుచుకుంటే ‘ఆడపిల్లలాగా ఏందిరా’ అని వెక్కిరించేవాళ్లు. అప్పుడు మింగేసిన ఏడుపు ఇంతకాలం తర్వాత ఆ ఒడ్డున నిలబడితే గొంతులోకి వచ్చింది. దాన్ని వీరత్వం అనుకున్నాం గానీ, ఉత్త సిగ్గే.

పెద్ద ఆటగాళ్లు ఏడవలేదా ఏమిటి? ఏషియాడ్ కబడ్డీలో 1990 నుంచి వరసగా ఏడుసార్లు స్వర్ణం తెచ్చిన మన పురుషుల జట్టు, 2018లో జకార్తాలో సెమీఫైనల్లోనే ఇరాన్ చేతిలో 18-27తో ఓడింది. కెప్టెన్ అజయ్ ఠాకూర్ కన్నీళ్లు దేశమంతా చూసింది. 2021లో టోక్యోలో మన అమ్మాయిలు హాకీ కాంస్యాన్ని 3-4తో బ్రిటన్‌కు వదులుకుని మైదానంలోనే వెక్కివెక్కి ఏడిస్తే, ప్రధాని ఫోన్ చేసి ఏడవొద్దని ఓదార్చారు. ఈ పాళెం కాపును అడిగితే ఆ మాట ఇంకాసేపాగి చెప్పమనేవాడేమో!

నాకు ఎక్కువగా గుర్తొచ్చింది షెఫాలీ వర్మ. 2020 మార్చి 8న మెల్‌బోర్న్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్. 86 వేలకు పైగా జనం. పదహారేళ్ల పిల్ల రెండు పరుగులకే అవుటై, జట్టు 85 పరుగుల తేడాతో ఓడిపోతే చిన్నపిల్లలాగే ఏడ్చింది. అదే అమ్మాయి 2025 నవంబరు 2న నవీ ముంబయిలో వన్డే ప్రపంచకప్ ఫైనల్లో 87 పరుగులు చేసి, రెండు వికెట్లూ తీసింది. మన కడప జిల్లా శ్రీచరణి ఆడిన జట్టే అది. అయితే, ఏడ్చిన ప్రతివాళ్లకూ అలాంటి రాత్రి తిరిగిరాదు. పాళెంలో ఆ మాట చెప్పి ఎవరినీ మభ్యపెట్టలేం.

ఎందుకంటే ఆ పిల్లకాయల లెక్క వేరు. పదో తరగతి అయిపోయిన వాళ్లే జట్టులో ఎక్కువ. నిషేధం తీరగానే కొందరు తండ్రుల పడవలెక్కుతారు. కొందరు రొయ్యల గుంటల మీద కాపలాకు పోతారు. ఒకరిద్దరు స్కూల్ గేమ్స్ సెలక్షన్లనీ, స్పోర్ట్స్ కోటా అనీ, ఇంటర్‌లో చేరాలనీ చూస్తున్నారు. ఆ ఏడుగురూ కలిసి ఇక ఆడరు. ఏడ్చింది ఒక్క కప్పు కోసమే కాదని అప్పుడు అర్థమైంది.

‘ఈ ఇసకలో ఏడుపు మాకు కొత్త కాదు’ అన్నాడు పెద్దాయన, సముద్రం వైపు చూస్తూ. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరాన్ని కూడా వదల్లేదు. తుఫానులు సరేసరి. వేటకు పోయి తిరిగిరాని వాళ్ల కోసం ఇళ్లాళ్లు ఎదురుచూసేదీ ఈ ఒడ్డునే. ‘ఆటకు ఏడ్చే ఏడుపు మేలు సార్. పొద్దునకి పోద్ది.’

కాసేపటికి కుర్రాడి తండ్రి లుంగీ ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. భుజం మీద చెయ్యి వేస్తాడేమో అనుకున్నా. వెయ్యలేదు. పక్కన నిలబడి తనూ సముద్రాన్నే చూశాడు, పడవ మీద ఇద్దరూ నిలబడినట్టు. తర్వాత గెలిచిన జట్టు కెప్టెన్ వచ్చాడు. చేతిలో ఉన్న కప్పును ముందు వెనక్కి దాచుకున్నాడు, అది మరీ బాగోలేదనుకున్నాడో ఏమో, ఇసుకలో పెట్టేసి ముందుకెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు.

రాత్రి భోజనం కాపు గారింట్లో. మామిడికాయ వేసిన నెల్లూరు చేపల పులుసు. నిషేధంలో చేప ఎక్కడిదంటే, కాలవదట! రెండు జట్లూ ఒకే బంతిలో కూచున్నాయి. ఏడ్చినవాళ్ల కళ్లు ఎర్రగానే ఉన్నాయి గానీ ముద్దలు మాత్రం తగ్గలేదు. తెలుగు టైటాన్స్ మీద జోకులు కూడా పడ్డాయి. ప్రొ కబడ్డీ 2014లో మొదలైతే 2025 దాకా కప్పు అందని జట్టు మరి. ఓటమి గురించి వాళ్ల అభిమానులకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

తెల్లారి బయల్దేరబోతూ ఆటస్థలం దగ్గర ఆగాం. గుంజలకు లైట్లు విప్పుతున్నారు. సున్నం గీత సగం చెరిగిపోయింది. బక్క కుర్రాడు, రాత్రి ఎదుటి జట్టులో మూల ఆడినవాడు అక్కడే ఉన్నారు. బక్కవాడు కుడికాలు సాచి పెట్టి చూపిస్తున్నాడు.

‘మడమ యీడుండాది. గీత ఆడుండాది. యాడ తగిలిందిరా?’

‘రాత్రి గీత ఆడ లేదు, యీడుండె!’ అని రెండోవాడు తన బొటనవేలితో ఇసుకలో ఇంకో గీత గీశాడు.